తెరమీద బడి: 2024లో నాకు నచ్చిన సినిమాలు

ఏడాది తిరిగేసరికి పత్రికలవాళ్ళు ‘నచ్చిన సినిమాలు’ అని ఒక జాబితా వేస్తారు. పది పేర్లు, పక్కన ఒక్కో వాక్యం. ఎవరికి ఎందుకు నచ్చాయో తెలియదు. ‘బాగుంది’, ‘అద్భుతం’, ‘కన్నీళ్ళు ఆగలేదు’ అనేవి అభిప్రాయాలే గాని విమర్శ కావు. ఒక కథ నచ్చిందంటే అందులో ఏ జీవితం ఉంది, రచయిత ఎవరి పక్షాన నిలబడి దాన్ని చూశాడు, చూసినదాన్ని ఎట్లా కట్టాడు అని అడిగే అలవాటు మనకుంది. సినిమా దగ్గరికి వచ్చేసరికి ఆ అలవాటును టిక్కెట్లిచ్చే కిటికీ దగ్గరే వదిలేసి లోపలికి వెళ్తాం.

సాహిత్య పత్రికలో సినిమాల గొడవ ఏమిటనే మిత్రులు ఇప్పటికీ ఉన్నారు. 1938లో వచ్చిన ‘మాలపిల్ల’కు కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. ఆ మరుసటి ఏడాదే గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ తీస్తే జమీందార్లు ఉలిక్కిపడ్డారు. తెలంగాణ సాయుధ పోరాటంమీద కృష్ణచందర్ ఉర్దూలో రాసిన నవల ‘మా భూమి’ చిత్రానికి ఆధారం. కొడవటిగంటి కుటుంబరావు సాహిత్యంమీద ఎంత శ్రద్ధగా రాశాడో సినిమామీదా అంత శ్రద్ధగానే రాశాడు. కాబట్టి ఇది మనకు కొత్త పనేమీ కాదు. మధ్యలో మానేసిన పని.

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. సినిమా పిచ్చి చిన్నప్పటినుంచీ ఉంది. 2024లో అందరితోపాటు ‘కల్కి’ చూశాను, ‘దేవర’ చూశాను, ‘పుష్ప’ రెండో భాగం చూశాను. వాటి గురించి రాసేవాళ్ళకు కొదవలేదు గనక ఇక్కడ రాయను. ఒక్క విషయం మాత్రం దాటేసి పోలేను. ఆ ఏడాది డిసెంబరు 4 రాత్రి హైదరాబాదులో ‘పుష్ప’ ముందస్తు ఆట దగ్గర తొక్కిసలాట జరిగింది. ఒక తల్లి చనిపోయింది. బడి ఈడు కొడుకు ప్రాణాపాయంలో పడ్డాడు. ‘అభిమాని’ అనే మాటను ఆ తర్వాత మునుపటంత తేలిగ్గా వాడలేకపోతున్నాను.

అదే ఏడాది వచ్చిన చిన్న సినిమాలు చూస్తుంటే ఒక సంగతి నన్ను పట్టుకుంది. వాటిలో చాలావాటిలో బడి ఉంది. కథ తిరిగే ఇరుసే అది. మన సినిమాల్లో బడి ఎప్పుడూ ఉన్నదే గదా అనవచ్చు. ఉంది. ‘బడిపంతులు’ (1972) నాటికి బడి ఒక గౌరవనీయమైన వృత్తికి గుర్తు. తర్వాత్తర్వాత అది కథానాయకుడి చిన్నతనం చూపించడానికి వాడుకునే గోడగానో, హాస్యనటులు టీచర్లుగా దెబ్బలు తినే చోటుగానో మిగిలింది. ఆ బళ్ళలో ఎవరూ హాజరు పిలవరు. పిలిచినా, రానివాడు ఎందుకు రాలేదని అడగరు.

నేను ప్రతి ఉదయం చేసే మొదటి పని అదే. హాజరు పట్టీని చాలామంది ఒక లాంఛనం అనుకుంటారు. గైర్హాజరు గడులు చదవడం వస్తే అందులో ఆ ప్రాంతపు వ్యవసాయ చరిత్ర అంతా కనిపిస్తుంది. మిరప కోతల కాలంలో కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు కదిలిపోతాయి. పిల్లల పేర్లు బడి పట్టీలో ఉంటాయి, పిల్లలు మిరప చేలల్లో ఉంటారు. పత్తి తీతలప్పుడూ ఇదే వరస. ఈ పిల్లలను లెక్కలోకి తీసుకున్న సినిమా ఏది, తీసుకోని సినిమా ఏది అన్న ప్రశ్నతోనే 2024 సినిమాలను చూశాను. ఇష్టాలకు ఇదొక కొలబద్ద. ఇదొక్కటే కొలబద్ద అని నేననడంలేదు.

ముందుగా చెప్పవలసింది మారి సెల్వరాజ్ తమిళంలో తీసిన ‘వాళై’. ఆగస్టు 23న విడుదలైంది. వాళై అంటే అరటి. తర్వాత ఓటీటీలోకీ వచ్చింది గనక మనవాళ్ళు చాలామంది చూసే ఉంటారు. మారి సెల్వరాజ్ సినిమాల్లోకి రాకముందే కథలు రాసినవాడు. ‘పరియేరుమ్ పెరుమాళ్’ (2018)లో లా కాలేజీ మెట్లమీద ఒక దళిత విద్యార్థికి ఎదురైనదంతా చూపించాడు. ‘వాళై’లో ఇంకా వెనక్కి, తన సొంత బాల్యంలోకి వెళ్ళాడు.

కథ తిరునెల్వేలి ప్రాంతపు పల్లెలో జరుగుతుంది. తండ్రి లేని శివనైందన్ బాగా చదివే పిల్లవాడు. శని ఆదివారాలు వచ్చాయంటే తల్లితో, అక్కతో కలిసి అరటి తోటల్లో గెలలు మోయాలి. బడి పిల్లలందరూ శుక్రవారం సాయంత్రం కోసం ఎదురుచూస్తే వీడికి సోమవారం కావాలి. వాడికి శేఖర్ అనే స్నేహితుడున్నాడు. ఒకడు రజనీకాంత్ అభిమాని, ఇంకొకడు కమల్ హాసన్ అభిమాని. ఇద్దరూ ఆ విషయంమీద తగువులాడుకుంటారు. ఈ తగువును దర్శకుడు ఎక్కడా వెక్కిరించలేదు. బరువులు మోసే పిల్లలకు తెరమీది మనిషి ఎందుకు కావలసి వచ్చాడో తెలిసినవాడే అట్లా తీయగలడు. పూంగొడి టీచరంటే శివనైందన్‌కున్న ఆరాధనమీద కొందరు అభ్యంతరం చెప్పారు. నాకు ఆ భాగంలో తప్పు కనిపించలేదు గాని సాగతీత కనిపించింది. పాటలు ఒకటి రెండు తగ్గినా నష్టం లేదు.

సాహిత్య విద్యార్థులు శ్రద్ధగా చూడవలసింది ఈ సినిమా కథాసంవిధానం. కథలో ప్రమాదం పెట్టడం బలహీనమైన పద్ధతి అని మనం పాఠం చెబుతాం. పాత్రలను ఏం చేయాలో తోచనప్పుడు రచయిత లారీ కింద పడేస్తాడని హాస్యమాడతాం కూడా. ‘వాళై’లోనూ లారీ బోల్తా పడుతుంది. ఊరివాళ్ళు చచ్చిపోతారు. అయితే ఆ లారీ దాకా దారి ఎట్లా వేశాడో చూడండి. గెల మోస్తే ఇచ్చే కూలి చాలడంలేదు. కని అనే యువకుడు ముందుండి, గెలకు ఒక్క రూపాయి పెంచమని అడుగుతారు. బేరం నడుస్తుంది. వ్యాపారి చివరకు ఒప్పుకుంటాడు. కూలీలు గెలిచారు. మామూలు సినిమా అయితే ఇక్కడ ఒక విజయగీతం ఉండేది. వ్యాపారి మీసం మెలెయ్యడు, మనుషులను పంపి కొట్టించడు. లెక్క వేసుకుంటాడు, అంతే. పెంచిన రూపాయిని ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి. కూలీలను దింపిరావడానికి వేరే బండి ఎందుకు? గెలలు నింపిన లారీమీదే ఎక్కించి పంపితే సరిపోతుంది. ఆ రాత్రి ఆ లారీ బోల్తాపడింది.

ఇది విధి కాదు, కాకతాళీయం కాదు. కూడికలూ తీసివేతలూ చేస్తే వచ్చిన ఫలితం. లాభం ఎట్లా పనిచేస్తుందో పెట్టుబడి గ్రంథం చదివి తెలుసుకున్నవాళ్ళం మనం. దాన్ని ఒక రూపాయిలో, ఒక బండిలో పెట్టి చూపించడం ఎంత కష్టమో కథలు రాసేవాళ్ళకు తెలుసు. ఈ సినిమాలో యజమాని గురించి ఉపన్యాసం లేదు. ఆ అవసరం కూడా లేకపోయింది.

ఆ రోజు శివనైందన్ పనికి పోలేదు. బడిలో వార్షికోత్సవానికి డాన్సు నేర్పుతున్నారు. అక్క చాటున పని తప్పించుకుని బడికి పోయాడు. పని పట్టీలో గైర్హాజరు, బడిలో హాజరు. మా పట్టీల్లో రోజూ జరిగేదానికి ఇది తలకిందులు. అందుకే వాడు బతికాడు. అక్క పోయింది. స్నేహితుడు పోయాడు. ‘చదువే మనల్ని బతికిస్తుంది’ అని మేం ప్రతి ఆగస్టు పదిహేనుకూ పిల్లలకు చెబుతాం. ఈ సినిమాలో ఆ మాట అక్షరాలా నిజమైంది. నిజమైన తీరు చూస్తే మళ్ళీ ఆ మాట నోట రావడం కష్టం. బడి ఒక్కడిని బతికించింది. లారీమీద ఉన్నవాళ్ళకు బడి అందుబాటులో లేదు. ఒక్కడు బయటపడటం వేరు, ఊరు బయటపడటం వేరు. మన అభ్యుదయ సాహిత్యం ఎనభై ఏళ్ళుగా చెబుతున్న ఈ తేడాను ‘వాళై’ ఒక పిల్లవాడి గుండెమీద బరువుగా పెట్టింది.

ఇంకా ఒక సంగతి ఉంది. ఆ రోజు వాడు ఆకలితో ఉన్నాడు. తోటలో ఒక పండు తిన్నందుకు దెబ్బలు తింటాడు. వారం వారం వేలకొద్దీ పండ్లు మోసిన మెడ అది. చాసో ‘కుంకుడాకు’ కథ చదివినవాళ్ళకు ఇక్కడ ఆకులేరుకునే ఆ పేదపిల్లా, ఆమెకు పడిన దెబ్బలూ గుర్తుకు రాకమానవు. తర్వాత వాడు ఇంటికి చేరేసరికి ఊరంతా ఏడుస్తూ ఉంటుంది. వాడు అన్నం దగ్గరికి పోతాడు. శోకంలో ఉన్న తల్లి వాణ్ణి తిననివ్వదు, తరుముతుంది. బిడ్డకు అన్నం తిననివ్వలేదే అన్న దుఃఖం ఆమెకు ఆ తర్వాత వస్తుంది. మరణాన్ని చూపించి ఏడిపించడం ఏ దర్శకుడైనా చేస్తాడు. మరణం ఎదుట కూడా ఆకలి ఆగదు అని చూపించడానికి ఆకలి తెలిసి ఉండాలి.

చాసోదే ఇంకో కథ, ‘ఎందుకు పారేస్తాను నాన్నా?’. జీతం కట్టలేక చదువు ఆగిపోయిన కుర్రవాణ్ణి తండ్రి చుట్టలు తెమ్మని పంపిస్తే బడి ముందునుంచి పోవడానికి వాడు సిగ్గుతో చచ్చిపోతాడు. ఆ కథలో బడి అందని వస్తువు. ‘వాళై’లో బడి అందినట్టే ఉంటుంది, అందినందుకు వెల వేరేవాళ్ళు చెల్లిస్తారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడదగినంత విషయం ఉంది. ఎం.ఏ. విద్యార్థులెవరైనా ఆ పని చేస్తే బాగుంటుంది.

తమిళ సినిమాకు ఇంత చోటిచ్చి మన సినిమాను మరిచిపోయానని అనుకోవద్దు. సెప్టెంబరు 6న నందకిశోర్ ఈమాని తీసిన ‘35 చిన్న కథ కాదు’ వచ్చింది. తిరుపతి నేపథ్యం, తిరుపతి యాస. పెద్ద సినిమాల్లో చిత్తూరు మాట ప్రతినాయకుడి అనుచరుల నోటికే పరిమితమైన రోజుల్లో ఒక ఇల్లాలు, ఇద్దరు పిల్లలు ఇంట్లో ఆ మాట మాట్లాడుకుంటుంటే వినడానికి హాయిగా ఉంది. అరుణ్ అనే పిల్లవాడికి లెక్కలు రావు. రాకపోవడానికి కారణం మందబుద్ధి కాదు, ఒక సందేహం. సున్నాకు విలువ లేనప్పుడు ఒకటి పక్కన సున్నా పెడితే తొమ్మిది కంటే పెద్దదెట్లా అయింది? ఈ ప్రశ్నకు లెక్కల మాస్టారు చాణక్య వర్మ జవాబు చెప్పడు. పిల్లవాడికి సున్నా అనే పేరు పెడతాడు.

నేను తెలుగు చెప్పే మనిషిని, అయినా ఈ ప్రశ్న ముందు ఆగిపోయాను. మనం మొదట సున్నా అంటే ఏమీ లేదని చెబుతాం. కొన్నాళ్ళకు అదే సున్నాను ఒకటి పక్కన పెట్టి పది అంటాం. మధ్యలో ఏం జరిగిందో చెప్పం. అంకెకు విలువ దాని రూపంలో లేదు, అది నిలబడిన స్థానంలో ఉంది అన్న సంగతి పిల్లవాడికి తెలిసేలోపలే ఎక్కాలు వచ్చిపడతాయి. సున్నాతో కూడికలు, తీసివేతలకు బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో సూత్రాలు రాశాడు. మానవజాతికి అన్నాళ్ళు పట్టిన విషయం ఒక పిల్లవాడికి ఒక పీరియడులో పట్టలేదని వాణ్ణి మూలన కూర్చోబెడతాం. ఆ ప్రశ్న అడిగినవాడే నిజానికి పాఠం విన్నవాడు. ఈ ఒక్క విషయాన్ని వినోదం చెడకుండా రెండు గంటలపైన నడిపినందుకు ఆ దర్శకుడిని మెచ్చుకోవాలి.

తల్లి సరస్వతి పదో తరగతి తప్పిన మనిషి. కొడుకు కోసం తాను లెక్కలు నేర్చుకుంటుంది. నివేదా థామస్ ఆ పాత్రలో నటిస్తున్నట్టే ఉండదు. తెలంగాణ ప్రభుత్వం 2024 సినిమాలకు ఇచ్చిన గద్దర్ పురస్కారాల్లో ఉత్తమ నటి ఆమే. తల్లి త్యాగం మన సినిమాకు కొత్త కాదు. అన్నం మానుకుని బిడ్డకు పెట్టే తల్లులను వందమందిని చూశాం. ఈ తల్లి మాత్రం బిడ్డ కోసమని పుస్తకం తెరిచి, తనకు పోయినదాన్ని తాను తిరిగి తెచ్చుకుంటుంది. భర్త కోపానికి, మాస్టారి అహంకారానికి ఎదురుగా ఆమె పట్టుకున్న ఆయుధం లెక్కల పుస్తకం.

నా అసంతృప్తి వేరేచోట ఉంది. ఈ కథలో తప్పు ఒక మాస్టారిది, దిద్దుబాటు ఒక తల్లిది. బడి మాత్రం అట్లాగే ఉంటుంది. ముప్పై అయిదు అనే గీత ఎవరు గీశారు, ఆ గీత కింద ఏ ఇళ్ళ పిల్లలు మిగిలిపోతున్నారు అనే ప్రశ్న సినిమా గడప దాటదు. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకూ ఏ పిల్లవాణ్ణీ ఉన్న తరగతిలోనే ఆపకూడదన్నది. 2019లో దాన్ని సవరించారు. ఈ సినిమా వచ్చిన మూడు నెలలకు, 2024 డిసెంబరులో, కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. అయిదు, ఎనిమిది తరగతుల్లో తప్పిన పిల్లలకు రెండు నెలల్లో మళ్ళీ పరీక్ష, అందులోనూ తప్పితే అదే తరగతి. అరుణ్‌కు సాయంత్రం పక్కన కూర్చుని చెప్పే సరస్వతి ఉంది. మిరప కోతకు పోయిన తల్లికి ఆ సాయంత్రం ఎక్కడిది? సినిమా చెప్పిన పరిష్కారం నిజమైనదే. కొన్ని ఇళ్ళకు నిజమైనది.

స్థానాన్ని బట్టి విలువ అనే సూత్రం లెక్కల్లో బాగానే ఉంది. సమాజంలో అదే సూత్రం ఎంత దారుణంగా పనిచేస్తుందో ఆ ఏడాది ఫిబ్రవరిలోనే వచ్చిన ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ చూపించింది. దుష్యంత్ కటికనేని దర్శకుడు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకు పేరుపడిన ఊరు. అమలాపురానికి దగ్గర. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మేలో ఇళ్ళు తగలబడింది ఆ అమలాపురంలోనే. అటువంటి సీమలో నాయీబ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన అక్కాతమ్ముళ్ళు పద్మ, మల్లి. మల్లి సెలూన్లో పనిచేస్తాడు, పెళ్ళిళ్ళలో బ్యాండు వాయిస్తాడు. పద్మ బడిలో టీచరు. ఉద్యోగం ఉంది, జీతం ఉంది, గౌరవించవలసిన హోదా ఉంది. ఊరి ధనికుడు వెంకట్ దృష్టిలో ఇవేవీ లెక్కలోకి రావు. చదువు కులాన్ని దాటిస్తుందని నమ్మిన తరాలకు పద్మ పాత్ర ఒక ప్రశ్న.

పద్మను చూస్తున్నంతసేపూ ‘ప్రతిఘటన’ (1985)లోని లెక్చరరు ఝాన్సీ గుర్తుకు వచ్చింది. టి. కృష్ణ తీసిన ఆ సినిమాలోనూ చదువు చెప్పే స్త్రీని నడివీధిలో అవమానిస్తారు. తరగతి గదిలో నల్లబల్లమీద విద్యార్థులు గీసిన బొమ్మకు ఆమె పాటతో జవాబు చెబుతుంది. ఆ పాట దేశంలోని పురుషులందరినీ ఉద్దేశించింది. పద్మకు అంత పెద్ద వేదిక లేదు. ఆమె గొడవ ఒక ఊరితో, ఒక పోలీసు స్టేషన్‌తో. ఆమె మాట ఎవరినీ కరిగించడానికి కాదు, తనకు న్యాయంగా రావలసినదాన్ని అడగడానికి. శరణ్య ప్రదీప్ ముఖంలో ఆ కోపం ఎక్కడా కళాత్మకంగా మారదు, కోపంగానే ఉంటుంది. నలభై ఏళ్ళలో తెరమీది పంతులమ్మ విలాపం నుంచి నిలదీతకు వచ్చింది.

ఊరందరి తలలు చూసే మల్లికే గుండు గీయడం ఈ సినిమాలో మరిచిపోలేని ఘట్టం. ఒక వృత్తిని ఆ వృత్తివాడికే శిక్షగా మార్చడం భూస్వామ్య సంస్కృతికి బాగా తెలిసిన విద్య. ఉత్తరార్ధంలో మాత్రం కథ ప్రతీకారం వైపు జారిపోతుంది. కులం ఊరంతటిదీ అని మొదటి సగం చెప్పింది. రెండో సగానికి అది ఒక వెంకట్ దుర్మార్గంగా కుంచించుకుపోతుంది.

ఇదే జబ్బు ‘పొట్టేల్’ను మరింతగా పట్టింది. సాహిత్ మోత్కూరి అక్టోబరులో విడుదల చేశాడు. పటేలు పెత్తనం నడిచే తెలంగాణ పల్లెలో ఒక పశువుల కాపరి తన బిడ్డకు నాలుగక్షరాలు చెప్పించాలనుకుంటాడు. అంతే కోరిక. దేవత పేరు చెప్పి ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న పటేలుకు అది సహించరాని ధిక్కారం. ఎంత గొప్ప వస్తువు! అక్షరం దొంగతనంగా నేర్చుకోవలసిన పరిస్థితి మన తాతలనాటిదే గాని పురాణకాలంది కాదు. దర్శకుడు ఆ వస్తువును నమ్మినట్టు లేడు. ప్రేక్షకుడు కదలడేమోనని నెత్తురుమీద నెత్తురు పోశాడు. పలక పట్టుకున్న పిల్ల కంటే దెబ్బలు తినే తండ్రి శరీరమే ఎక్కువసేపు తెరమీద ఉంటుంది. అయినా నా జాబితాలోంచి తీసెయ్యలేకపోతున్నాను. ఈ కథ చెప్పాలని ఒకరికి తోచడం చిన్న విషయం కాదు.

హిందీలో కిరణ్ రావు తీసిన ‘లాపతా లేడీస్’ గురించి అందరికీ తెలుసు. రైలులో పెళ్ళికూతుళ్ళు తారుమారైన ఆ కథలో జయ అనే అమ్మాయి పారిపోయేది ప్రియుడి కోసం కాదు, సేంద్రియ వ్యవసాయం చదువుకోవడానికి. చదువు కోసం పారిపోయే నాయిక అన్న ఊహే నాకు నచ్చింది. సినిమా మరీ తియ్యగా ఉంది. పోలీసు అధికారి చివరలో మంచివాడైపోతే తప్ప కథ తేలదు.

బడి ప్రసక్తికి బయట ఉన్నా రెండు సినిమాలను వదిలిపెట్టలేను. పాయల్ కపాడియా ‘ఆల్ వుయ్ ఇమాజిన్ ఏజ్ లైట్’ కాన్ ఉత్సవంలో గ్రాండ్ ప్రి పొందింది. అందులో ఇద్దరు మలయాళీ నర్సులు, ఆస్పత్రిలో వంటచేసే పార్వతి ఉంటారు. బొంబాయి మిల్లు కార్మికుడి భార్య పార్వతి. ఏళ్ళ తరబడి బతికిన ఇంటికి ఆమె పేర కాగితం లేదు గనక పొమ్మంటారు. ఒక రాత్రి కొత్త భవనాల ప్రకటన బోర్డుమీద ఆమె, ప్రభ రాళ్ళు రువ్వుతారు. అంత మెత్తని సినిమాలో అంత సహజమైన వర్గకసిని చూసి చాలా రోజులైంది.

రెండోది వినోద్‌రాజ్ తీసిన ‘కొట్టుక్కాళి’. ‘వాళై’ విడుదలైన రోజునే ఇదీ విడుదలైంది. ఒకే రోజు ఒకే భాషలో ఇట్లాంటివి రెండు! వేరే కులం కుర్రవాణ్ణి ప్రేమించిన మీనాకు దయ్యం పట్టిందని ఇంటివాళ్ళు ఆటోలో, మోటారు సైకిళ్ళమీద సాధువు దగ్గరికి తీసుకుపోతుంటారు. సినిమా అంతా ఆ ప్రయాణమే. నేపథ్య సంగీతం అసలే లేదు. మీనా దాదాపు నోరు విప్పదు. మొండిపిల్ల అన్న అర్థం వచ్చే పేరుకు ఆ మౌనమే వ్యాఖ్యానం. దారికి అడ్డంగా ఒక ఎద్దు నిలబడితే అంతమంది మగవాళ్ళూ ఏమీ చేయలేక నిలబడిపోతారు. ఒక చిన్నపిల్ల వచ్చి దాన్ని తోలుకుపోతుంది. సంభాషణలతోనే పాత్రలను నిలబెట్టగలమనుకునే కథకులు ఈ సినిమాను ఒకసారి చూడాలి.

చివరకు ‘వాళై’ వల్ల లేచిన ఒక చర్చ గురించి చెప్పాలి. ఇది రచయితలకు నేరుగా సంబంధించినది. సినిమా విడుదలయ్యాక ప్రసిద్ధ తమిళ రచయిత, ‘సూల్’ నవలకు 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన చో. ధర్మన్, తాను చాలాకాలం కిందటే రాసిన ‘వాళైయడి’ అనే కథకూ ఈ సినిమాకూ పోలికలున్నాయని చెప్పారు. మారి సెల్వరాజ్ ఆ కథ చదివి, అందరూ చదవాలని కోరాడు. తన కథ తన జీవితం నుంచి వచ్చిందన్నది అతని వాదన. ఎవరు ముందు, ఎవరు వెనక అని తీర్పు చెప్పడం నాకు చేతకాదు, అవసరమనీ అనిపించలేదు. ఒకే తోటలో, ఒకే కూలికి, ఒకే లారీమీద ప్రయాణం చేసిన జీవితాలు ఇద్దరు మనుషులకు కథలుగా తోచడంలో వింత లేదు. నాకు కుతూహలమల్లా వేరే ఉంది. అదే రూపాయి, అదే గెల ఒక పెద్దవాడి కలంలో ఎట్లా ఉన్నాయి, పిల్లవాడి కంటితో చూసినప్పుడు ఎట్లా మారాయి అన్నది. పాత్రికేయులు దొంగతనమా కాదా అని అడిగి ఊరుకున్నారు. విమర్శకులు అడగవలసింది దృష్టికోణం గురించి. తమిళం బాగా వచ్చిన మిత్రులెవరైనా ‘వాళైయడి’ని అనువదించి పంపితే, రచయిత అనుమతితో ఈ పత్రికలోనే వేసుకుని, సినిమాను దాని పక్కన పెట్టి మళ్ళీ మాట్లాడుకోవచ్చు. రావులపాలెం మార్కెట్టుకు రోజూ గెలలు దింపే వాళ్ళమీద తెలుగులో ఏ కథలున్నాయో కూడా అప్పుడే వెతకవచ్చు.